ముగ్గుకు ముందు వేసే చుక్క

కన్నమ్మా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. వేలూరు కంటాసుపత్రిలో నా కంటి ఒత్తిడి పెరిగిందన్నారు. చుక్కల మందులో ఏదో కల్తీ ఉందని నా అనుమానం. డాక్టరమ్మ మాత్రం ఎప్పుడు వేసుకుంటున్నావని అడిగింది. నువ్వు లేవు కదా, మీ నాయన గుడియాత్తంలో అంగడి మూసి వచ్చి, నేను పడుకునేటప్పుడు వేస్తున్నాడు.

"కంటి లోపల నీళ్ళు పగలే ఎక్కువ ఊరతాయమ్మా, నిద్రలో తగ్గతాయి. ఊరేది తగ్గించే మందు ఇది. పొద్దున లేస్తానే వేసుకోవాల," అంది డాక్టరమ్మ.

"కంటికి పగలూ రాత్రీ యాడ తెలస్తాది? మీ మిషన్ సరిగ్గా ఉండాదా?" అన్నాను.

పక్కనే ఉన్న మీ నాయన నవ్వాడు. "మిషన్ మింద కూడా అనుమానమేనా? చుక్క వేసినంకనే కదా పాప నిన్ను ముగ్గుకు పోనిచ్చేది!"

నువ్వు పోయాక వాకిట ముగ్గు మానేశాం. దాంతో పొద్దుటి చుక్కా పోయింది.

డాక్టరమ్మను ఇంకా నమ్మలేదు. నిన్ను నమ్మి, ఈ పొద్దున నేనే వేసుకున్నాను. మొదటిది చెంప మీద పడింది, రెండోది కంట్లో పడింది. ఆ తరువాతే, ఏడాదికి మళ్ళీ ముగ్గుపిండి పట్టుకున్నాను.

నేను ముగ్గు ముగించేలోగా నువ్వు నిలబడే ఒక దోసె తిని రైలుకు పరుగెత్తేదానివి. అక్కడైనా కూర్చుని, కడుపు నిండా తిను తల్లీ.