అరవై రెండు గదులు, తొమ్మిదో టేబులు

స్టేషన్ ఎదుట ఉన్న అరవై రెండు గదుల హోటలుకు యజమానురాలిని, అందరూ హోటలమ్మ అని పిలిచే నేను, డెబ్బై తొమ్మిదో ఏట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న చివరి వీలునామా ఇది. ఇంతకుముందు రాయించిన రెండూ ఇందుమూలంగా రద్దు. మోకాళ్లు నా మాట వినడం లేదు గాని బుర్రకు ఢోకా లేదు. నా మతి ఎలా ఉందో చూడటానికి వచ్చిన డాక్టరు గారు కళ్లజోడు మర్చిపోయి వెళ్తుంటే పిలిచి ఇచ్చింది నేనే.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా లాయరమ్మది. "సొంత సంగతులు వద్దండీ, క్లుప్తంగా చెప్పండి" అంది. నేను క్లుప్తంగా బతకలేదు. చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను.

1. హోటలు భవనం, స్థలం, సామానుతో సహా నా కూతురికి సర్వహక్కులతో చెందాలి. ఒకటే షరతు: వారానికి ఒక్క గదిలోనైనా తన చేత్తో పక్క వెయ్యాలి.

పంతొమ్మిదేళ్లప్పుడు ఒక పెద్ద హోటల్లో గదులు ఊడ్చే పనికి చేరాను. మొదటి రోజు సూపర్‌వైజరమ్మ ఒక గది తలుపు తీసి చూపించింది. ముడత లేని తెల్లటి దుప్పటి, మడతపెట్టిన తువ్వాలు, మూత పెట్టిన మంచినీళ్ల గ్లాసు. "ఎవరొస్తున్నారండీ?" అని అడిగాను. "ఎవరో. మనకేం తెలుసు?" అంది. ఎవరో తెలియని మనిషి కోసం ఇంత సిద్ధం చేసి పెడతారా అని గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ మనిషి కూడా వచ్చి, మన ముఖమైనా చూడకుండా, మనం వేసిన పక్క మీద గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతాడు. అరవై ఏళ్లయింది, ఆ ఆశ్చర్యం నాకింకా తీరలేదు. నా కూతురికి కంప్యూటరొచ్చు, నాలుగు భాషలొచ్చు. ఇది మాత్రం దుప్పటి అంచు చేత్తో పట్టుకుంటేనే వస్తుంది.

2. నేనుంటున్న ఇల్లు నా కొడుక్కి. వాడికి హోటలంటే పడదు, తప్పు వాడిది కాదు. మేం సొంతంగా హోటలు పెట్టిన మొదట్లో మాకున్నవి తొమ్మిది టేబుళ్లే. వాడు తొమ్మిదో టేబులు మీద బడి పాఠాలు రాసుకునేవాడు. జనం వస్తే మావారు కళ్లతో సైగ చేసేవారు, వాడు పుస్తకాలు ఎత్తుకుని వంటింటి గట్టెక్కేవాడు. ఒక్కరోజూ పేచీ పెట్టలేదు. ఆ తొమ్మిదో టేబులు కూడా వాడిదే. ఇక దాని మీద నుంచి వాణ్ని లేపే హక్కు ఎవరికీ లేదు.

3. వంటింటి పెత్తనం, వెనక ఉన్న రెండు గదుల వాటా, వంట మాస్టారికి ఆయన బతికున్నంత కాలం. మెనూలో ఒక్క అక్షరం మార్చాలన్నా ఆయన్ని అడగాలి. ఆవిరి వాసన చూసి ఉప్పు పడిందో లేదో చెబుతాడంటే నమ్మక, ఒకసారి కళ్లకు తువ్వాలు కట్టి ఆరు గిన్నెల సూపు ముందు పెట్టాను. చుక్క నాలుక మీద వేసుకోకుండా, ఉప్పు వెయ్యని గిన్నె దగ్గర ఆగాడు. దండం పెట్టబుద్ధయింది. యజమానురాలిని కదా అని ఊరుకున్నాను. ఇప్పుడు పెడుతున్నాను.

4. స్టేషన్ వెనక ఉన్న తోట గురించి రాయాలంటే మా తమ్ముడి సంగతి చెప్పాలి.

వాడు నా దగ్గరే పని నేర్చుకుని, సరిగ్గా నా ఎదురుగా, నాకన్నా ఒక అంతస్తు ఎక్కువగా హోటలు కట్టాడు. పోతూ పోతూ వంట మాస్టారిని కూడా పట్టుకుపోయాడు. మాస్టారు ఎనిమిది నెలలకే తిరిగొచ్చాడు గాని నా కోపం తగ్గలేదు. పంతొమ్మిదేళ్లు మాటల్లేవు. మధ్యలో ఉన్నది ఒక్క రోడ్డు.

పదమూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం మా బట్టలుతికే గదిలో నిప్పంటుకుంది. క్షణాల్లో మెట్ల నిండా పొగ. అతిథులంతా బయటపడ్డారు. మావారు మాత్రం పక్షవాతంతో పై అంతస్తులో మంచం మీద ఉన్నారు. పైకి పరిగెత్తబోతే మాస్టారు నా రెండు చేతులూ పట్టి ఆపాడు. అంతలో తడి దుప్పటి కప్పుకున్న మనిషెవరో నా పక్కనుంచి లోపలికి దూసుకుపోయాడు. ఎంతసేపో తెలియదు. బయటికొచ్చినప్పుడు ఆ మనిషి వీపు మీద మావారున్నారు. దుప్పటి తీస్తే, కనుబొమలు కాలిపోయిన ముఖంతో మా తమ్ముడు. అరవయ్యొకటో ఏడు వాడికప్పుడు. "బావ బాగా బరువెక్కాడే అక్కా!" అన్నాడు దగ్గుతూ.

మా అతిథులందరికీ ఆ రోజు వాడి హోటల్లోనే పక్కలు వేశారు. ఒక్క ప్రాణం పోలేదు. మావారు మరో నాలుగేళ్లు నాతో ఉన్నారు. మనిషన్నవాడు అలా ఎలా వెళ్లగలిగాడా అని ఇప్పటికీ ఆ మెట్ల వైపు చూస్తుంటాను. ఒక్క మంచి మాట చెబుదామని ఎన్నోసార్లు గేటు దాకా వెళ్లాను. గేటు దాటకుండానే వెనక్కొచ్చాను.

తోట వాడికి రాద్దామనుకున్నాను, సాక్షిగానూ వాణ్నే పిలుద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవాళ్లకు వీలునామాలో ఏదీ రాయకూడదంది లాయరమ్మ. తోట ఇవ్వాలో, వాణ్ని పక్కన కూర్చోబెట్టుకోవాలో తేల్చుకోలేక, ఏది కావాలో చెప్పమని నిన్న మా అమ్మాయి చేత కబురు పంపాను. వాడి జవాబు: "తోట ఇంకెవరికైనా ఇచ్చుకోమను. పెన్ను నా జేబులోనే ఉంది, వస్తున్నానని చెప్పు."

కనుక తోట మా హోటలు పనివాళ్లందరికీ ఉమ్మడిగా చెందాలి. మా తమ్ముడికి ఏమీ రాయడం లేదు.

5. వాడు రోడ్డు దాటి వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. కనుబొమలు సరిగా మొలవనే లేదు. పైన రాసిందంతా లాయరమ్మ గట్టిగా చదివి వినిపించింది. వాడు కుర్చీ జరుపుకుని నా పక్కకొచ్చాడు.

ఇదంతా నా ఇష్టప్రకారమే రాయించానని, విన్నానని, సరిగ్గా ఉందని ఒప్పుకుంటూ,

2019 మార్చి 14, గురువారం, పగలు పదకొండు గంటలు.

(సంతకం) హోటలమ్మ

సాక్షులు:
1. డాక్టరు
2. హోటలమ్మ తమ్ముడు, ఎదురు హోటలు