రెండు మెట్లు కిందికి

మార్చి 3, సోమవారం

ఈ రోజు నుంచి నేను ఫర్నెస్ లేన్ బ్యాండ్‌కి డ్రమ్మర్‌ని. చరిత్ర ఈ తేదీని గుర్తుపెట్టుకోవాలి. పెట్టుకోదు కాబట్టి నేనే రాసి పెడుతున్నాను.

పాత డ్రమ్మర్ తన మోకాళ్ళని సంగీతానికి అర్పించి స్పెయిన్‌లో స్థిరపడ్డాడు. మిగిలింది ముగ్గురు. పాడేది డెస్ పార్జిటర్, గిటార్ రోలండ్ టిబెట్స్, బేస్ కెన్ బేలిస్. ముగ్గురికీ ఎనభై దగ్గర పడుతోంది. ఒకప్పుడు స్టేడియాల్లో పొగలూ లేజర్లూ పెట్టి వాయించినవాళ్ళు. ఇప్పుడు అవన్నీ వదిలేసి, కుర్రతనంలో నేర్చుకున్న బ్లూస్ పాటలతో ఒక ఆల్బమ్ చేస్తారట. డడ్లీ ఊళ్ళో మూతపడ్డ చర్చిలో స్టూడియో. అందరూ ఒకే గదిలో కూర్చుని ఒకేసారి వాయించాలి. తర్వాత అతుకులు వేయడం నిషిద్ధం.

రోలండ్ నన్ను ఎగాదిగా చూశాడు. అమ్మాయ్, నీకు మ్యూజిక్‌లో డిగ్రీ ఉందటగా, ఎన్నాళ్ళ నుంచి, డాక్టరుకి చూపించుకున్నావా అన్నాడు. ఫస్ట్ క్లాస్‌లోనే వచ్చిందండీ, ఇక నయం కాదన్నారు అన్నాను. కెన్ నవ్వాడు. కెన్ మాట్లాడడని, నవ్వడమే మహాభాగ్యమని డెస్ చెప్పాడు.

మార్చి 4, మంగళవారం

ఈ రోజు టైటిల్ పాట మొదలుపెట్టాం. 'మ్యూల్ గేట్.' మొదలుపెట్టాం అనడం నా మర్యాద. గోడకి గుద్దుకున్నాం అనాలి.

పురాణం ఇలా ఉంది. 1962లో ఎవరో అమెరికన్ సైనికుడు ఇంటికి పోతూ పోతూ పదిహేడేళ్ళ డెస్ చేతిలో ఒక రికార్డు పెట్టాడు. మిసిసిపీ గాయకుడు హోసియా బ్రాంట్ పాడింది. డెస్, రోలండ్ దాన్ని రోలండ్ అమ్మమ్మ ప్లేయర్ మీద అరిగిపోయేలా విన్నారు. బ్యాండ్ అందులోంచే పుట్టింది. ఆ రికార్డు మళ్ళీ ఎవరూ అచ్చు వేయలేదు. ఇప్పుడది రోలండ్ ఇంట్లో గోడ మీద, అద్దం వెనకాల, దేవుడి పటంలా ఉంది. ముల్లు తగిలితే పాడవుతుందని అరవై ఏళ్ళుగా ఎవరూ వినలేదు. అందరూ దాని మీద ప్రమాణాలు మాత్రం చేస్తారు.

ఈ ఆల్బమ్‌కి రోలండ్ పెట్టిన షరతు ఒక్కటే. రికార్డులో ఎలా ఉంటే అలాగే. అదే శ్రుతి, అదే వేగం.

మూడో లైను చివర గొంతు పైకి ఎగరాలి. డెస్ ఎగరలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. దగ్గు వచ్చింది. మళ్ళీ. ఈసారి వచ్చిన ధ్వనిని డిగ్రీ ఉన్న నేను కూడా వర్ణించలేను. చివరికి డెస్, పాపం, చాలా నెమ్మదిగా, శ్రుతి రెండు మెట్లు కిందికి దించుదామా రోలీ అన్నాడు.

పోప్ ఇంటికెళ్ళి బైబిల్లో రెండు పేజీలు చింపుకోనా అని అడిగి చూడు, ఏమంటాడో అన్నాడు రోలండ్.

అసలు బాంబు టీ బ్రేక్‌లో పడింది. శనివారం ఒక కుర్ర గాయకుణ్ణి రికార్డు కంపెనీ గెస్ట్‌గా పంపిస్తోంది. ఏదో ఒక పాట వాడికి ఇవ్వాలి. శుక్రవారానికి నీకు కుదరకపోతే ఇది వాడు పాడతాడు, నేను చచ్చేలోపు ఈ పాట సరిగ్గా రికార్డు కావాలి డెస్ అన్నాడు రోలండ్. కోపంగా అనలేదు. అందుకే మరీ ఘోరంగా ఉంది.

డెస్ బేకన్ శాండ్‌విచ్‌ని అది చేసిన నేరమేదో ఉన్నట్టు నమిలాడు.

మార్చి 5, బుధవారం, ఉదయం

అందరికన్నా ముందు వచ్చాననుకున్నాను. డెస్ అప్పటికే వచ్చి, కోటు కూడా విప్పకుండా, రేడియేటర్ ఎదురుగా నిలబడి ఆ మూడో లైను పాడుతున్నాడు. నేను డ్రమ్ బిగిస్తున్నట్టు నటించాను. నోటు పడలేదు. మళ్ళీ పాడాడు. పడలేదు. నన్ను చూసి, ఈ రేడియేటర్‌కి శ్రుతిజ్ఞానం లేదు అన్నాడు. మళ్ళీ గోడవైపు తిరిగి మళ్ళీ పాడాడు.

ఈ మనిషి చేత ఆ పాట పాడించకపోతే నా డిగ్రీ కాలవలో పారేస్తాను.

అదే రోజు, సాయంత్రం

కనుక్కున్నాను! కనుక్కున్నాననే అనుకుంటున్నాను.

హోసియా బ్రాంట్ పాడినవాటిలో ఇంకొక్కటి మాత్రం మిగిలింది. ఒక అమెరికన్ లైబ్రరీ దాన్ని నెట్‌లో పెట్టింది. విన్నాను. గొంతు బావి అడుగునుంచి వస్తున్నట్టుంది. మరి రోలండ్ ఎప్పుడు చెప్పినా బ్రాంట్‌ది సన్నటి గొంతు, లేతగా ఉండేది, అందుకే మాకంత నచ్చింది అంటాడు. ఒకే మనిషికి రెండు గొంతులు ఉండవు. అయితే ఒక రికార్డు అబద్ధం చెప్తోంది.

డెస్‌కి ఫోన్‌లో వినిపించాను. ఇంకోసారి పెట్టమన్నాడు. తర్వాత, రేపు ఆ పటాన్ని గోడ మీంచి దింపిద్దాం అమ్మాయ్ అన్నాడు.

మార్చి 6, గురువారం

మహాయుద్ధం. యథాతథంగా రాస్తాను, నా వైపు కాస్త ఒరిగి.

డెస్ రికార్డు తెమ్మన్నాడు. రోలండ్ కుదరదన్నాడు. నువ్వు పాడలేక సాక్ష్యాన్ని చెరుపుదామని చూస్తున్నావన్నాడు. అప్పుడు డెస్ చాలా తాపీగా, ఆ సైనికుడు రికార్డు ఇచ్చింది ఎవరికిరా అని అడిగాడు. నీకే అన్నాడు రోలండ్. మరి నీ గోడ మీదికి ఎలా వచ్చింది? అరువు తీసుకున్నాను అన్నాడు రోలండ్. అయితే ఇప్పుడు తిరిగి ఇయ్యి అన్నాడు డెస్.

ఇంగ్లీషువాణ్ణి ఏమైనా అనొచ్చు, అరువు వస్తువు ఎగ్గొట్టాడని మాత్రం అనకూడదు. రోలండ్ ఇంటికెళ్ళి తెచ్చాడు. కారు ముందు సీట్లో దానికి బెల్టు పెట్టాడు.

మా రికార్డింగ్ ఇంజినీరు ఫ్రాన్ చేతులు కడుక్కుని, అద్దం విప్పి, ముల్లు దించింది. గరగర. ఆ గరగరలోంచి పాట వచ్చింది. నెమ్మదిగా. బరువుగా. పని ముగించుకుని చీకట్లో ఇంటికి నడిచే మనిషిలా. గొంతు ఆ లైబ్రరీలో ఉన్నదే, బావి గొంతు. నేను పియానో మీద సరిచూశాను. మేం వాయిస్తున్నదానికి సరిగ్గా రెండు మెట్లు కింద.

మీ ప్లేయర్ నెమ్మదిగా తిరుగుతోంది అన్నాడు రోలండ్. ఫ్రాన్ కొలిచి చూపించింది. సరిగ్గానే తిరుగుతోంది.

అప్పుడు కెన్ నోరు విప్పాడు. రోలీ, మీ అమ్మమ్మ ప్లేయర్ చక్రం జారిపోతోందని మోటారు ఇరుసుకి బ్యాండేజీ ప్లాస్టర్ చుట్టింది నువ్వే కదూ అన్నాడు.

ఇరుసు లావైతే చక్రం వేగంగా తిరుగుతుంది. చక్రం వేగంగా తిరిగితే పాట వేగంగా పరిగెడుతుంది, గొంతు సన్నబడుతుంది. బావి గొంతు మనిషి కుర్రాడైపోతాడు. ఇద్దరు పిల్లలు ఆ కుర్రాణ్ణి అనుకరిస్తూ పెరుగుతారు. స్టేడియాలు నిండుతాయి.

రోలండ్ బయటికెళ్ళి కార్లో కూర్చున్నాడు. కాసేపటికి డెస్ కూడా వెళ్ళి పక్కన కూర్చున్నాడు. కిటికీలోంచి చూశాను (ఇది గూఢచర్యం కాదు, చరిత్ర రచన). ఒకే పొట్లంలోంచి పోర్క్ స్క్రాచింగ్స్, అదే కరకరలాడేలా వేయించిన పంది తోలు, తింటున్నారు. తర్వాత డెస్ చెప్పాడు. నా జీవితమంతా ఒక ప్లాస్టర్ మీద కట్టుకున్నాను డెస్ అన్నాడట రోలండ్. గట్టి ప్లాస్టరేరా, అరవై ఏళ్ళు ఊడలేదు అన్నాడట డెస్.

మార్చి 7, శుక్రవారం

రెండు మెట్లు దించడం సులువు. వేగం దించడం నరకం.

రోలండ్ వేళ్ళు పరిగెత్తడమే నేర్చుకున్నాయి. ఖాళీ కనిపిస్తే చాలు, నాలుగు నోట్లు దూరిపోతాయి. అతణ్ణి ఎగతాళి చేద్దామని నోరు తెరిచేలోపు ఫ్రాన్ నా డ్రమ్స్ విడిగా వినిపించింది. అందరికన్నా ముందు పరిగెడుతున్నది నేను. నాలుగేళ్ళ కాలేజీ నాకు కష్టమైన తాళాలన్నీ నేర్పింది, ఊరుకోవడం ఒక్కటి నేర్పలేదు.

డెస్ వచ్చి నా స్టూలు పక్కన కూలబడ్డాడు. నువ్వు బస్సు కోసం పరిగెడుతున్నావు అమ్మాయ్ అన్నాడు. బస్సు వెళ్ళిపోయింది. ఇక నడువు.

మధ్యాహ్నమంతా నడిచాం. పడ్డాం, లేచాం. ఇవాళ్టికి చాలిద్దామని ఫ్రాన్ అంటే డెస్ టీ కప్పు కింద పెట్టి, ఇంకోసారి అన్నాడు. ఆ మాట ఇవాళ ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు.

ఆ ఇంకోసారిలో వచ్చింది. మూడో లైను చివర గొంతు పైకి ఎగరాల్సిన చోట డెస్ ఎగరలేదు. మెట్లెక్కినట్టు ఎక్కాడు. పైన ఒక క్షణం ఆగాడు. గొంతు కాస్త చిరిగింది. దాన్ని దాచుకోకుండా అలాగే కిందికి తెచ్చాడు. రోలండ్ జవాబు వాయించాలి. ఒకే ఒక్క నోటు వాయించి చెయ్యి తీసేశాడు. నేనూ ఆగాను, నేను! ఆ ఖాళీలో నలుగురం కలిసి ఊపిరి పీల్చడం టేపులో వినిపిస్తుంది.

పాట అయ్యాక రోలండ్ గిటారు భుజం మీంచి తీయకుండానే కంపెనీకి ఫోన్ చేశాడు. రేపు వచ్చే కుర్రాడికి ఇంకో పాట చూడండి, ఇది మావాడిది అన్నాడు.

మార్చి 8, శనివారం

కుర్రాడు వచ్చాడు. మంచివాడు. గొంతు ఆకాశం దాకా వెళ్తుంది. 'మ్యూల్ గేట్' విని, ఇందులో నేను చేసేదేముంది అని టీ పెట్టడానికి వెళ్ళాడు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

ఆల్బమ్ విడుదల. మొదటి రివ్యూ వచ్చింది. బ్యాండ్ ముసలిదైపోయిందట. గాయకుడి గొంతు కోసం పాటని రెండు మెట్లు దించేశారట. అసలు పాటలోని వేగం చచ్చిపోయిందట.

రోలండ్ జవాబు రాస్తానని మూడు పేజీలు నింపాడు. డెస్ వాటిని మడిచి జేబులో పెట్టుకుని, మంగళవారం రిహార్సల్‌కి రండి, ఇంకా నెమ్మదిగా వాయిద్దాం అన్నాడు.