హాస్కెట్ వాళ్ల ఫుల్‌బ్యాక్

కార్వర్‌విల్
5 అక్టోబరు 1908

ప్రియమైన లోవెల్,

నిన్ను కాలేజీకి పంపింది చదువుకోమని. పరాయి పిల్లల ఎముకలు విరగ్గొట్టమని కాదు.

శనివారం మీ నాన్న మంగలి షాపు నుంచి పత్రిక ముక్క పట్టుకొచ్చారు. మార్లో కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఫుల్‌బ్యాక్ హాస్కెట్ బంతిని చంకన పెట్టుకుని, మీద పడ్డ అయిదుగురినీ ఈడ్చుకుంటూ గీత దాటాడట. అవతలి జట్టు కుర్రాడి భుజం ఎముక విరిగిందని కూడా అందులోనే ఉంది. వాడికీ ఒక తల్లి ఉంటుంది కదా.

ఆ ఆట జోలికి పోనని బైబిల్ మీద చెయ్యేసి చెప్పావు. చలిగాలి తగిలితే నెలరోజులు దగ్గేవాడివి. కళ్లజోడు తీస్తే ఆవుకీ గేటుకీ తేడా తెలీదు. నువ్వు అయిదుగురిని ఎలా ఈడ్చావో నాకు అంతుపట్టడం లేదు.

మీ నాన్నది ఇంకో తలనొప్పి. నీ గురించి ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడని మనిషి, మంగలి షాపులో గంటసేపు కూర్చుని "మావాడే, మావాడే" అంటూ అందరికీ చదివి వినిపించారట. మొక్కజొన్న చేలో ఎండిపోతోంది, కోసే నాథుడు లేడు. ఈయనకి పత్రికలు కావాల్సి వచ్చాయి.

వెంటనే మానేసి జవాబు రాయి.

చిరాకుతోనూ ప్రేమతోనూ,
మీ అమ్మ

మార్లో కాలేజీ
12 అక్టోబరు

ప్రియమైన అమ్మకి,

ఆ హాస్కెట్ నేను కాదు. నేను బంతిని ముట్టుకోలేదు.

జట్టు పట్టీలో ఉండేవాళ్లంతా ఇక్కడి విద్యార్థులై ఉండాలి. మా కోచ్ రాతి గనిలో పనిచేసే డోలన్ అనే ముప్పై ఏళ్ల మనిషిని తెచ్చాడు. అతనికి ఒక విద్యార్థి పేరు కావాలి. ఫీజు కట్టినవాడై, మైదానం వైపు తొంగి కూడా చూడనివాడై ఉండాలట. కాలేజీ మొత్తం గాలిస్తే నేనే దొరికాను. ఇక్కడ నన్ను ఎవరైనా ఏదైనా అడగడమే అరుదు, అందుకే సరేనన్నాను. మన ఊరి దాకా పత్రిక వస్తుందని అనుకోలేదు.

పైగా డోలన్‌ని నా గదిలోనే పెట్టారు. రాత్రంతా గురక. సొమ్మొకడిది, సోకొకడిది అన్నట్టుంది నా బతుకు. నిన్న లాటిన్ క్లాసులో వర్జిల్ పద్యం చదువుతూ నేను తడబడితే ప్రొఫెసరు "ఆట మీద పెట్టిన శ్రద్ధ ఇక్కడా పెట్టు, హాస్కెట్" అన్నాడు.

నాన్నకి నువ్వే చెప్పు.

నీ లోవెల్

కార్వర్‌విల్
20 అక్టోబరు

ప్రియమైన లోవెల్,

చెప్పడం నా వల్ల కాలేదు.

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని నోరు తెరిచేసరికి, మీ నాన్న మాంసం ఎండబెట్టే పొగగదిలోంచి పెద్ద హామ్, పంది తొడ మొత్తం, దించి గోనెలో చుడుతున్నారు. "అంత బలంగా ఆడేవాడికి ఆ హాస్టల్ కూడు ఏం సరిపోతుంది? వాడిది నా పోలికే, మినర్వా. ఇన్నేళ్లూ నేనే సరిగ్గా చూడలేదు" అన్నారు. ఆ మాట విన్నాక నీ ఉత్తరం పిండిడబ్బాలో దాచేశాను.

పేరు అప్పిచ్చినవాడివి నువ్వు, అబద్ధం మోసేదాన్ని నేనూనా? ఊళ్లో ప్రతివాడూ నన్ను ఆపి "మీవాడు ఏం తింటాడమ్మా?" అని అడుగుతున్నాడు. తల ప్రాణం తోకకొస్తోంది.

వచ్చే నెలాఖరున థాంక్స్‌గివింగ్ పండగ రోజు ఆట చూడటానికి ఆయన వస్తున్నారు. పందొమ్మిదేళ్లుగా రైలెక్కని మనిషి. ఆ లోపు నువ్వే ఆయనకి రాయి.

మీ అమ్మ

మార్లో కాలేజీ
15 నవంబరు

ప్రియమైన అమ్మకి,

మూడుసార్లు రాసి మూడుసార్లూ చింపాను. హామ్‌తో పాటు నాన్న చీటీ పెట్టారు. "కొడుక్కి" అని ఒక్కటే మాట. నాకు ఆయన రాసిన మొదటి మాట అది. అయితే అది నాకు రాసింది కాదు, డోలన్‌కి. హామ్ తిన్నదీ డోలనే.

ఇక నిజం చెప్పను. నన్ను తిట్టు, కానీ అడ్డుపడకు. ఆట అయ్యాక డోలన్ స్వెట్టర్ వేసుకుని, ముఖానికి బురద పూసుకుని గేటు దగ్గర నిలబడతాను. ఆ బురదలో ఎవరు ఎవరో తెలీదు. ఒక్కరోజు ఆయన కొడుకుగా ఉండి చూస్తాను.

నీ లోవెల్

కార్వర్‌విల్
6 డిసెంబరు

ప్రియమైన లోవెల్,

నువ్వు పది రోజులుగా రాయడం లేదు. మీ నాన్న ఏమీ పసిగట్టలేదని, పథకం పారిందని అనుకుంటున్నావేమో. మూర్ఖుడా.

ఆట మొదలైన నిమిషంలోనే ఆయనకి తెలిసిపోయిందట. "పద్దెనిమిదేళ్లు నా ముందు తిరిగినవాడి నడక నాకు తెలీదా?" అన్నారు. అయినా చివరిదాకా కూర్చున్నారు. గేటు దగ్గర నీ చెయ్యి పట్టుకుని "బాగా ఆడావు" అన్నది, నువ్వు సిగ్గుపడకూడదని.

నీ దగ్గర్నుంచి వెళ్లి, నీ పేరుతో ఆడిన డోలన్‌ని వెతికారు. ఆటలు అయిపోయాయి కదా, మీ కోచ్ అతన్ని అప్పటికే వెళ్లిపొమ్మన్నాడట. గనికి చలికాలం సెలవు. మీ నాన్న అతన్ని మొక్కజొన్న కోతకి వెంటబెట్టుకొచ్చారు. ఒక్క ముక్క ముందుగా చెప్పకుండా రెండు వందల పౌన్ల మనిషిని నా బల్ల ముందు కూర్చోబెట్టారు.

వారమంతా ధాన్యపు కొట్టు వెనక ఇద్దరూ కంకులు ఒలుస్తుంటే, మొన్న నేను చెవులారా విన్నాను. "మావాడు ఎలాంటివాడు?" అని అడిగారు మీ నాన్న. కన్నకొడుకు గురించి, రెండు నెలల పరిచయం ఉన్న పరాయివాణ్ని.

డోలన్ చెప్పాడు. అతనికి అక్షరం ముక్క రాదట. పట్టీలో నీ పేరు సంతకం చెయ్యాల్సొస్తే నువ్వే చెయ్యి పట్టి దిద్దించావట. "అది వచ్చాక, 'ఇప్పుడు నీ సొంత పేరు నేర్చుకో, రోజూ నాది రాస్తే ఏం బాగుంటుంది' అన్నాడండీ. రోజూ గంటసేపు కూర్చోబెట్టేవాడు. ఇప్పుడు మా అమ్మకి నేనే ఉత్తరం రాస్తున్నాను" అన్నాడు.

మీ నాన్న అదంతా మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నారు. తర్వాత లోపలికొచ్చి కూలబడ్డారు. "నా మెప్పు కోసం నా కొడుకు ముఖాన బురద పూసుకున్నాడు. నేనేం తండ్రిని, మినర్వా?" అన్నారు. నేను ఓదార్చలేదు. నాకూ ఒళ్లు మండే ఉంది, మీ ఇద్దరి మీదా.

మూడు రోజులుగా నీకు ఉత్తరం రాయాలని కూర్చుంటున్నారు. "ప్రియమైన లోవెల్" దాకా వచ్చింది. తర్వాత ఏం రాయాలని నన్ను అడిగారు. మీ మధ్య టపా మోసి మోసి నా నడుం పడిపోయింది, నన్ను అడగొద్దు అన్నాను.

గురువారం పొద్దుటి రైలుకి అక్కడికి వస్తున్నారు. ఇప్పుడు ఆటలేమీ లేవు కదా అన్నాను. "తెలుసు" అన్నారు.

మీ అమ్మ