పారబోసిన ఆకు నీళ్లు

కాడుగోడి,
గురువారం.

అక్కకు, నీ చెల్లెలు నాగలక్ష్మి దండాలు పెట్టి రాసేది. అక్కడ నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? బావ మోకాలి నొప్పి తగ్గిందా? ఎప్పుడూ మా సుజాత రాసేది, ఈసారి నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి, కూడబలుక్కుని చదువుకో. ఫోను చేద్దామంటే కాయిన్ బాక్సు దగ్గర అది నా పక్కనే నిలబడుతుంది.

ఇక్కడ ముసురు వదలడం లేదు. కంపెనీ బిల్డింగు పని నడుస్తోంది. మీ మరిది గోడలు కడుతుంటే నేను ఇటుకలు అందిస్తున్నాను. మా గురించి బెంగపడవద్దు. దిగులంతా సుజాత గురించే. పదిహేనేళ్ల పిల్లకు మెట్లెక్కితే ఆయాసం, మాటిమాటికీ జ్వరం.

ఏదో కాలేజీ వాళ్లు బడికి వచ్చి ఆడపిల్లల రక్తం తీసుకున్నారు, ఏమేం తింటారో అడిగారు. తర్వాత నన్ను పిలిపించారు. ఆకుకూరల్లో, పండ్లలో యాంటీ ఆక్సిడెంట్లని ఉంటాయట, ఒంటిని లోపల పాడవకుండా కాస్తాయట. సుజాతకు అవి బాగా తక్కువన్నారు. నాకు కోపం వచ్చింది.

"దినామూ ఆకే వండి పెడతాండాను గదమ్మా!"

ఎలా వండుతావని అడిగింది ఆ కన్నడం వాళ్లల్లో ఉన్న ఒక తెలుగామె. ఇక్కడి ఆకు మోరీలో పారే మురుగు నీళ్లకు పెరుగుతుంది, ఒకటే కంపు. అందుకే రెండుసార్లు ఉడికించి, నీళ్లు పారబోసి, ఆకును గట్టిగా పిండేసి తాలింపు వేస్తానని చెప్పాను.

"మంచిదంతా ఆ నీళ్లల్లోనే పోతాండాది" అంది.

బిడ్డ బాగుండాలని నా చేతులతోనే పారబోశానక్కా. ఏడుపు ఆగలేదు. మరునాడు నీళ్లు ఉంచి వండితే సుజాత రెండు ముద్దలు తిని కక్కుకుంది.

"మోరీ తాగినట్టుండాది మా" అంది.

మంచి ఆకు అమ్మే అంగళ్ల వైపు మా కూలి డబ్బులతో మేం పోలేం. మన చేలో గురుగాకు, చెంచలాకు కలుపని పీకి గట్టున పారేసేవాళ్లం.

సుజాతను నీ దగ్గరికి పంపుతాను, అక్కడైతే ఆ ఆకులన్నీ తింటుంది. ఈ ఏడు పదో తరగతి పోతుంది, పోనీ. కానీ నేను పొమ్మంటే పోదు, వదిలించుకుంటున్నావా అంటుంది. అందుకని నువ్వే జాబు రాయి. నీకు ఒంట్లో బాగాలేదని, చేతిసాయానికి సుజాత కావాలని రాయి. తథాస్తు దేవతలు వింటారని నాకూ భయమే. పెద్దమ్మ గుడిలో టెంకాయ కొట్టి రాయి.

బావకు నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. ఈ కాగితం చదివి పొయ్యిలో వేసేయి.

నీ జాబు వస్తే నాకు చదివి వినిపించేది సుజాతే. నీకేమైందోనని కంగారు పడినట్టు కూర్చుని వింటాను.

నీ చెల్లెలు,
నాగలక్ష్మి