పాన్ షాపు ముందు కారు తలుపు

బుధవారం రాత్రి, ఉధ్నా

మోచెయ్యి ఇంకా సలుపుతోంది. పొద్దున సైకిల్ మీద బ్యాంకుకి వెళ్తుంటే, పాన్ షాపు ముందు ఆగిన కారు తలుపు వెనక్కి చూడకుండా తెరిచాడు మా పై ఫ్లాట్ హస్‌ముఖ్‌భాయ్. తలుపు తగిలి రోడ్డు మీద పడ్డాను. "చూసి నడపాలి కదా బెన్" అన్నాడు తియ్యగా, పాన్ నములుతూ. బెన్ అంటే గుజరాతీలో అక్క.

మా బెజవాడలో అయితే హారన్ కొట్టి చంపేవాళ్ళు, నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు. తిట్టడానికైనా ముందు మనిషిని చూడాలి కదా. ఇక్కడ చూడరు, బెన్ అంటారు.

సాయంత్రం భార్యతో కిందికి మా ఇంటికి దిగాడు. పొద్దున్న సంగతి ఊసే లేదు. డాక్టరు ఆవిడని సైకిల్ తొక్కమన్నాడట, నేను నేర్పాలట. పాపం ఆవిడే నా కట్టు చూసి ఏమైందని అడిగింది.

"చూసి నడపలేదు, పడ్డాను" అన్నాను. అతను మా గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాడు.

నేర్పుతానన్నాను. వెనక క్యారియర్ పట్టుకుని మీరే పరిగెత్తాలి భాయ్, అనీ చెప్పాను.

ఆదివారం ఆ పాన్ షాపు దగ్గరే మొదలుపెడతా, వరసగా ఆగిన కార్ల పక్కనుంచి. ఆవిడకి చిన్న గీత కూడా పడనివ్వను, ఆ కార్లలో ఎవరైనా ఉన్నారేమో చూస్తూ ముందు నేనే నడుస్తాను. అతని గుండె మాత్రం ప్రతి తలుపు దగ్గరా ఆగాలి.