గుట్టకు ఇయ్యని కోడి

1957, డిసెంబర్ 3

తాలూకా కచేరీ నుంచి పేష్కార్ సాబ్ మళ్లీ మనిషిని పంపాడు. సింహళం నుంచి నలుగురు భిక్షువులు హైదరాబాదులో దిగారట. సోమవారానికి ఇక్కడ. మొదటి రోజు గోదారి ఒడ్డున బౌద్ధుల నాటి ఇటుకల దిబ్బ, రెండో రోజు అడవి దారి, మూడో రోజు సన్నాసి గుట్ట మీది గుహలు. అన్నీ నేనే చూపించాలి. గుహలున్నాయని అర్జీ పెట్టింది నేనే కదా మరి. బడిలో ఎక్కాలు చెప్పుకునేవాడికి ఇది కొని తెచ్చుకున్న తద్దినం... అయినా లోపల సంబరమే. ముందు ముందు యాత్రికులు వస్తారట, వాళ్లను తిప్పే పని నాకే అప్పగిస్తారట.

డిసెంబర్ 5

జంగు గూడేనికి పోయి వచ్చాను. గుట్ట దారి తెలిసింది ఆ గోండు ముసలాయన జంగుకే. నేను ఎక్కింది ఒకే ఒక్కసారి, అదీ ఆయన వెనక. ఒంటరిగా పోతే వాగు దాటగానే దారి తప్పుతాను.

వస్తానన్నాడు. ఒకటే షరతు. కొత్తవాళ్లు వాగు దాటకముందే ఒడ్డున ఉన్న రాయి దగ్గర గుట్టకు కోడిని కోసి ఇవ్వాలి. అది కూడా, వాళ్లను పిలుచుకొచ్చినవాడు తన చేత్తో.

"నేనిస్తె చెల్లది సారు. సుట్టాలు నీయోళ్లు."

సరేనన్నాను. నాకు ఇలాంటి వాటిమీద నమ్మకం లేదు. కోడే కదా, పోయేదేముంది.

డిసెంబర్ 9

వచ్చారు. దిబ్బ చూపించాను. వాళ్లలో పెద్దాయనకు డెబ్భై ఉంటాయి. పాత ఇటుక ఒకటి రెండు చేతుల్లోకి తీసుకొని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నేను తయారు చేసుకున్న ఉపన్యాసం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం దాటితే వాళ్లు తినరు. మన వంటాయన పన్నెండు దాటాక అన్నం దించాడు. నలుగురూ నవ్వి, నీళ్లు తాగి ఊరుకున్నారు. పేష్కార్ సాబ్ మాత్రం నన్ను నమిలి మింగేలా చూశాడు.

సాయంత్రం పెద్దాయన హిందీలో ఒక మాట చెప్పాడు. తమ కోసం ఎక్కడా ఒక్క ప్రాణం పోకూడదు... పోయేటట్టుంటే ఇక్కడి నుంచే వెనక్కి తిరుగుతాం అని. కోడి సంగతి ఎవరైనా చెప్పారా, ఊరికే అన్నాడా? పేష్కార్ సాబ్ అలాంటిదేమీ లేదన్నాడు. తర్వాత నా దిక్కు చూశాడు. నేనూ లేదన్నాను.

డిసెంబర్ 10

వాగుకు ఇవతల మకాం. పొద్దు గుంకక ముందే జంగు భార్య సోంబాయి కోడిని తెచ్చి నా చేతికిచ్చి పోయింది.

సంచిలో కోడి, చేతిలో కత్తి. రాయి దగ్గర కూర్చున్నాను. గుడారాల దగ్గర వాళ్ల మంత్రాలు వినిపిస్తున్నాయి. పొద్దున వాళ్లు దాటేది సరిగ్గా ఈ రాయి పక్క నుంచే. నెత్తురు కనబడితే? ఎవరిదని అడిగితే?

జాలి కాదు. భయం. ఉన్నమాట ఇక్కడన్నా రాసుకోవాలి.

కోడిని బండివానికిచ్చి ఇంటికి పంపాను. మా ఆవిడ రాజవ్వకు ఇచ్చి గంప కింద మూయమని చెప్పమన్నాను. కాసేపటికి జంగు వచ్చాడు. అయిందా అని అడిగాడు. అయిందన్నాను.

డిసెంబర్ 11

జరిగింది జరిగినట్టు, వరసగా రాస్తాను.

తెల్లవారుతుండగా వాగు దాటాం. జంగు అందరికంటే ముందు. వెదురు పొదలు, నునుపు బండలు, ఒకచోట ఎలుగుబంటి పెంట. గుహలు ఐదు. రాతిలో తొలిచిన పడకలు, తలవైపు కొంచెం ఎత్తు. తొట్టిలో ఇప్పటికీ నీళ్లు. పెద్దాయన ఒక పడక మీద కూర్చొని లేవడు... వాళ్ల వెంట వచ్చిన తర్జుమా చేసే ఆయన నా పేరు అడిగి రాసుకున్నాడు. ఛాతీ ఉబ్బింది.

దిగేటప్పుడు పెద్దాయన కాలు జారింది. కింది బండ మీద జంగు. భుజం అడ్డం పెట్టాడు. పెద్దాయన నిలదొక్కుకున్నాడు — జంగు పడిపోయాడు. మోకాలి కింద ఎముక తోలు చీల్చుకొని బయటికి వచ్చింది.

భిక్షువులు పైబట్ట విప్పి, అందులో జంగును పడుకోబెట్టి గూడెం దాకా మోశారు. పెద్దాయన కూడా ఒక కొస పట్టాడు.

డిసెంబర్ 12

జీపులో మిషన్ దవాఖానకు తీసుకుపోతామన్నారు. జంగు రానన్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో తెలియకుండా గుట్ట నీడ దాటనన్నాడు. తెలియని తప్పు ఇంటిల్లిపాదికీ తగులుతుందట. తెలిస్తే దండం పెట్టుకొని ఇప్పుడే వస్తాడట.

అందరి ముందూ నన్నే అడిగాడు.

"కోడి ఇచ్చినవ్ గద సారు?"

పక్కనే పేష్కార్ సాబ్. పక్కనే పెద్దాయన.

"ఇచ్చిన."

జంగు లేకుండానే జీపు పోయింది.

డిసెంబర్ 14

కచేరీ నుంచి కాగితం. సంక్రాంతి దాటినాక నెలకో యాత్రికుల జట్టు. దారి చూపేవాడి పేరు దగ్గర నా పేరు. మూడుసార్లు చదివాను.

కొత్త కోడి గుడ్డు పెట్టిందని రాజవ్వ సంతోషపడింది. ఆ గుడ్డు ఎవరూ ముట్టొద్దని అరిచాను. నీకేమన్న దయ్యం పట్టిందా అంది.

డిసెంబర్ 15

గూడెం. కాలు మొద్దులా వాచింది. ఆకుపసరు కట్టు. దగ్గరికి పోతే వాసన.

పడుకొని తన తప్పులు తానే వెతుక్కుంటున్నాడు. పెద్దల పేరు మరిచానా, కొడుకు నరకకూడని చోట వెదురు నరికాడా, పోయిన ఏడు మొక్కు ఏమన్నా మిగిలిందా... సోంబాయి ఒక్కొక్కటీ గుర్తు చేస్తోంది. ఆయన ఆలోచించి కాదంటున్నాడు. నన్ను ఎవరూ అడగలేదు. సారు ఇచ్చానన్నాడు, ఆ లెక్క ముగిసింది.

చెప్పకుండానే వచ్చాను. పిరికి వెధవను.

డిసెంబర్ 16

ఎక్కం తప్పు చెప్పిందని ఒక ఆడపిల్ల మీద విరుచుకుపడ్డాను. అది ఏడవలేదు. నేనే బయటికి పోయి నిలబడ్డాను.

డిసెంబర్ 17

రాజవ్వకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. లేచి పోయి కోడి కాళ్లు కట్టి తెచ్చి నా ముందు పెట్టింది.

"నీ పేరు పోతె ఇంకోతాన సంపాయించుకుంటవ్. ఆయన కాలు పోతె యాడికెల్లి తెస్తవ్?"

కాగితం పోతుంది. పేష్కార్ సాబ్ ఊరుకోడు. అబద్ధాల పంతులని నలుగురూ అంటారు. అనరా మరి? నేనైతే అనకుండా ఉంటానా?

రేపు తెల్లారగానే.

డిసెంబర్ 18

మిషన్ దవాఖాన వరండాలో కూర్చొని రాస్తున్నాను.

చెప్పాను. గూడెమంతా చేరి ఉండగానే చెప్పాను. ఎవరూ కొట్టలేదు. కొడితే బాగుండేది. తర్వాత వాగు దగ్గరికి పోయి నా చేత్తో కోడిని ఇచ్చాను. జంగు కొడుకు దూరంగా నిలబడి చూశాడు. నేను వచ్చేసరికి బండి కట్టి ఉంది. జంగు ఒక్క మాట అడ్డం చెప్పకుండా ఎక్కాడు.

డాక్టరు కట్టు విప్పి, ఎన్ని రోజులైందని అడిగాడు. ఏడు అన్నాను. లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు.

సోంబాయి వరండా ఆ చివర కూర్చుంది. నీళ్లు తీసుకుపోయి ఇస్తే అందుకోలేదు. చెంబు పక్కన పెట్టి వచ్చాను.

పైన ఒక మాట రాయకుండా దాటేశాను. నేను కోడిని ఇవ్వలేదని చెప్పినప్పుడు జంగు నా మొహం దిక్కు చూశాడు. కోపం లేదు. ఏదో కూడిక సరిపోయినట్టు మెల్లగా తల ఊపాడు.

"ఆనాడు పొద్దుగాల రాయి మీద నెత్తురు లేకుండె సారు. నక్క నాకి పోయిందనుకున్న."