ఎనిమిది బిందెల నీళ్లు

అన్నా,

కారే పుట్టితో, ఆ వెదురు బుట్టపడవతో పాటు నువ్వు పెన్నలో మునిగిపోయి ఈ వానాకాలానికి మూడేళ్లు నిండుతాయి. ఇప్పుడు ఎండిన ఏరు వానలకు పారితే దాటడానికి ఊరివాళ్లు నిన్న మళ్లీ ఒక పాత పుట్టిని బేరమాడారు. కొత్తగా తారు పూసి ఉంది. కారుతుందేమో లోపల నీళ్లు పోసి చూద్దామన్నాను.

"ఇది ఇంతవరకు ఎవురినీ ముంచలేదు. తాగేదానికే నీళ్లు లేవు, పుట్టిలో పోస్తావా?" అని అమ్మేవాడు కసిరాడు.

నీ పుట్టిని కొన్ననాడూ ఇలాంటి ఎండాకాలమే. నేను బిందె ఎత్తుకుంటే నువ్వే ఆపావు. "వద్దులే పాపా, అంత దూరం బావికి మళ్లీ యాడ పోతావు" అన్నావు. నీళ్లు పోయకుండానే కొన్నావు.

నిన్న పుట్టిని రాళ్ల మీద పెట్టించి, ఎనిమిది బిందెలు మోసి పోశాను. కాసేపటికి అడుగు నుంచి చుక్కలు ఇసుకలోకి రాలాయి. బేరం వదులుకున్నారు.

ఎనిమిది బిందెలే అన్నా. నేను మోయలేనని నీకెవరు చెప్పారు?